లోపలి నుంచి ఒక్క దెబ్బ

నీలవేణి సుత్తి ఎత్తి, క్యాబిన్ మెట్ల దగ్గర వేలాడే రైలు పట్టా ముక్కను మూడుసార్లు కొట్టింది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

క్రషర్ ప్లాంటు మొత్తం ఊపిరి బిగబట్టింది. లోడర్ నడిపే రాంప్రసాద్ నోట్లోని బీడీ తీసి చేతిలో పట్టుకున్నాడు. బెల్టుల కింద రాళ్లు ఏరుతున్న ఆడవాళ్లు తట్టలు దించారు. జనరేటర్ హోరు, దూరంగా కర్గీ రోడ్ స్టేషన్ దాటుతున్న బొగ్గు రైలు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు రాళ్లను మొదట నమిలే పెద్ద యంత్రం లోపలి నుంచి జవాబు వచ్చింది.

ఠణ్.

ఒక్కటే దెబ్బ. లోపలి మాంగనీసు ఉక్కు పలక మీద సుత్తి పడితే వచ్చే చప్పుడు.

లోపల ఎవరూ లేరు. అంతకు ముందే ఇద్దరు పైకెక్కి వంగి చూసి వచ్చారు.

"భయ్యా హాజిర్ హై," అన్నాడు రాంప్రసాద్ తేలిగ్గా ఊపిరి వదిలి. యంత్రం ముందు ఇటుక సందులో అగరుబత్తి గుచ్చి, దండం పెట్టి, క్యాబిన్ వైపు తిరిగాడు. "చాలూ కరో, భాభీ."

నీలవేణి పచ్చ బటన్ నొక్కింది. మోటారు గర్జించింది. లారీడు బండలు తొట్టిలోకి జారాయి. ఇనప దవడలు వాటిని పటపటా కొరకడం మొదలుపెట్టాయి. అందుకే ప్లాంటులో అందరూ దాన్ని జబ్డా అంటారు, అంటే దవడ. జబ్డా నమిలిన రాయి బెల్టెక్కి రెండో యంత్రానికి పోతుంది, అక్కడ గిట్టి, అంటే కంకర, అవుతుంది. అందులో కొంత చివరి యంత్రానికి చేరుతుంది. అది రాయిని రాయి మీదికే విసిరికొట్టి ఇసుక చేస్తుంది. బిలాస్‌పూర్‌లో మోప్కా వైపు లేస్తున్న కొత్త ఇళ్ల గోడల్లో ఏటి ఇసుక తక్కువ, ఈ ఇసుకే ఎక్కువ.

ఆ గోడల్లో ఎక్కడో ఒక వెండి ఉంగరం ఉంది. నీలవేణికి ఆ సంగతి తెలుసు. ఇనుమైతే బెల్టు మీది అయస్కాంతం పట్టేసేది. వెండిని పట్టదు.

ఆ ఉంగరం, ఇదే ప్లాంటులో పనిచేసిన ఆమె భర్త త్రినాథరావుది.

చలికాలంలో ఒక రోజు టీ విరామంలో, దవడల మధ్య ఇరుక్కున్న బండను కదిలించడానికి అతను జబ్డాలోకి దిగాడు. ఆ సంగతి నీలవేణికి తెలియదు. క్యాబిన్ నుంచి జబ్డా నోరు కనబడదు. ఆమె టీ తాగి వచ్చి ఎప్పటిలాగే మూడుసార్లు కొట్టింది. ఆగింది. చెవులు రిక్కించింది. జవాబు రాలేదు. బటన్ నొక్కింది.

ఆ పద్ధతి తెచ్చింది ఆమె తండ్రి ఆదినారాయణ. శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. బిలాస్‌పూర్ యార్డులో బోగీల కింద పనిచేసేవాళ్లకు పట్టా ముక్కే గంట. బయటివాడు మూడు కొట్టాలి. లోపల మనిషి ఉంటే ఒకటి కొట్టాలి. ఒకటి వినబడితే బండి కదలకూడదు. ఆ మాట ఆదినారాయణ అల్లుడికి చెప్పాడు, అల్లుడు ప్లాంటులో అమలు చేశాడు. జనరేటర్ హోరులో లోపలి కేక బయటికి వినబడదు కాబట్టి, జబ్డా లోపల గొలుసుకు ఒక సుత్తి వేలాడదీశాడు. అది ఆదినారాయణ ఉద్యోగం పొడవునా రైలు చక్రాలు తట్టి చూసిన సుత్తి.

అధికారులు వచ్చి ఫొటోలు తీశారు. సుత్తి గొలుసుకు వేలాడుతూనే ఉంది. అంటే త్రినాథరావు కొట్టి ఉండాలి. ఈమె వినకుండా నొక్కి ఉండాలి. కేసు ప్రమాదంగా ముగిసింది. కాలనీలో మాత్రం ముగియలేదు. వాళ్లుండే దయాల్‌బంద్‌లో కుళాయి దగ్గర బిందె పెడితే చాలు, వెనకనుంచి మాటలు వచ్చేవి.

"చెవులకి కమ్మలెట్టుకుంటే సరా, ఇనడానికి కూడా ఉండాల కదేటి."

"మొగుణ్ణి గిట్టి చేసి, మళ్లీ ఆ బటనే నొక్కతందట. ఏటి గుండో!"

ఆ మాటలకు ఆమె జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఆమెకూ తెలియదు. ఆయన కొట్టాడా? తను వినలేదా? ఆ ఒక్కటి తేలకపోతే బతికున్నన్నాళ్లూ తను హంతకురాలే. ఉద్యోగం వదలకపోవడానికీ అదే కారణం. దవడలు విప్పి మళ్లీ బిగించి, ప్లాంటు తెరిచిన మొదటి ఉదయమే ఆ జవాబు మొదలైంది. అప్పుడు రానిది ఇప్పుడు రోజూ వస్తోంది.

మొదట అందరూ పరిగెత్తారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ తర్వాత అదే ఆనవాయితీ అయింది. చచ్చినవాడు హాజరు పలికితేనే యంత్రం నడుస్తుంది. ఆగమని చెప్పే దెబ్బ, నడపమని చెప్పే దెబ్బగా మారిపోయింది. అది తప్పని నీలవేణికి తెలుసు. రోజూ ఆ తప్పు మీదే వేలు పెట్టి నొక్కుతోంది.

*

"నీ చెవి కావాల నాన్నా," అంది ఒక సాయంత్రం, తండ్రి ముందు టీ గ్లాసు పెడుతూ.

ఆదినారాయణ విసుక్కున్నాడు. "సచ్చినోడి సప్పుడు ఇనడానికి నానెందుకే? పంతుల్ని పిలు."

"పంతులుకి సుత్తి సప్పుడు తెలీదు. నీకు తెలుసు. బండి నిలబడితే సక్రం తట్టి, పగిలిందో లేదో సెప్పేవోడివి కదా."

"రిటైరైపోనాను."

"సెవులు కూడా రిటైరైపోనాయేటి?"

ముసలాయన గ్లాసు పక్కన పెట్టి కూతురి ముఖంలోకి చూశాడు. అల్లుడు పోయాక ఆమె కళ్ల కింద నలుపు తగ్గలేదు. "ఏటి తేలాల నీకు?"

"ఆ రోజు ఆయన కొట్టాడో లేదో."

ఆదినారాయణ మర్నాడు పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని, కూతురికంటే ముందు కర్గీ రోడ్ బండి కోసం స్టేషన్‌లో నిలబడ్డాడు.

*

ప్లాంటులో నీలవేణి మూడు దెబ్బలు కొట్టాక ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

ఠణ్.

అతని కళ్లు వెంటనే తెరుచుకున్నాయి. ముఖంలో నెత్తురు లేదు.

"ఆపు. ఎవుడూ ఏటీ ముట్టుకోకండి." మెట్ల వైపు నడిచాడు. ఎవరూ యంత్రం నడపకుండా నీలవేణి ప్యానెల్ తాళంచెవి తీసి జాకెట్టులో దోపుకుని వెనకే ఎక్కింది. పై వేదిక మీద నిలబడి ముసలాయన జబ్డా నోట్లోకి వంగాడు. రెండు దవడలు గరాటులా కిందికి ఇరుకవుతూ పోతున్నాయి. అంచున గొలుసు, గొలుసుకు సుత్తి. చెయ్యి చాచి దాన్ని అందుకుని పలక మీద ఒక్కటి కొట్టాడు.

టప్.

మళ్లీ కొట్టాడు. టప్. బొద్దు చప్పుడు.

"ఇప్పుడు ఇనపడింది నా సుత్తి సప్పుడే. ఆ ఇనుము పాట నాకు తెలీదేటి! ముప్పై ఏళ్లు దాంతో బతికినాను." ముసలాయన సుత్తి తల తిప్పి చూశాడు. "కానీ ఇది నా సుత్తి కాదు. బజారు సుత్తి. నా సుత్తి తల మీద పంచి ఉలితో కొట్టిన సుక్క ఉంటాది."

"మరి ఫొటోల్లో ఉన్న సుత్తి?"

"అది నాకు తెలీదు, అమ్మా."

కింద జీపు ఆగింది. ప్లాంటు మేనేజర్ గిరిబాబు దిగాడు. అతనూ రైల్వే కాలనీ పిల్లాడే. త్రినాథరావుతో కలిసి గోడలు దూకి పెరిగినవాడు. చావు రోజున నీలవేణి కంటే ఎక్కువ ఏడ్చినవాడు.

"అచ్ఛా, బాబాయ్ వచ్చాడా! ఏటి బాబాయ్, దెయ్యాన్ని పట్టేశావా?"

"నా సుత్తి ఏదిరా గిరీ?"

గిరిబాబు నవ్వు ఒక్క క్షణం ఆగింది. నీలవేణి ఆ క్షణాన్ని చూసింది.

"చేతిలో ఉన్నదేటి మరి?"

"ఇది కాదు."

"దుమ్ము పట్టి గుర్తుపట్టలేదు బాబాయ్. రేపు కిరసనాయిలుతో కడిగించి చూపిస్తాను, సరేనా? ఇక ఆ చప్పుడంటావా," అంటూ అతను కూలీలందరికీ వినబడేలా గొంతు పెంచాడు, "పట్టా ముక్క వేలాడేదీ, జబ్డా కూర్చున్నదీ ఒకే ఇనప చట్రం మీద. అక్కడ కొడితే ఇక్కడ మోగుతుంది. పలకను బిగించే చీల ఏదో వదులైంది. దానికి అగరుబత్తి ఒకటి! పదండి, పని చూడండి."

"అన్నయ్యా," అంది నీలవేణి. "రేపు సుక్క కనబడకపోతే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్తాను."

"తప్పకుండా వెళ్లు చెల్లెమ్మా. నేనే జీపులో దింపుతాను."

*

మర్నాడు ఆమె ప్లాంటుకు చేరేసరికి గిరిబాబు జీపు అప్పటికే గేటు లోపల ఉంది. మనిషి కనబడలేదు. ఆఫీసు గదికి తాళం వేసి ఉంది. జనరేటర్ హోరు మొదలైంది. గేటు బయట ఇసుక లారీలు బారులు తీరాయి.

ఆలస్యంగా వచ్చి తొట్టిలో రాళ్లు నింపుతున్న రాంప్రసాద్ కిందనుంచే కేకేశాడు. "జల్దీ, భాభీ! డ్రైవర్లు నా ప్రాణం తింటున్నారు."

"పైన చూశారా?"

"నిన్న సాయంత్రం ఖాళీ చేసిందే కదా. భయ్యా చూస్తాడులే!"

ఎవరో నవ్వారు. నీలవేణి సుత్తి ఎత్తింది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

ఆగింది.

జవాబు లేదు.

ఆమె మళ్లీ కొట్టింది, ఇంకొంచెం గట్టిగా. పట్టా ముక్క ఊగుతూ మోగి మోగి ఆగిపోయింది. జబ్డా పలకలేదు. రాళ్లు ఏరే ఆడవాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. అప్పుడు రాంప్రసాద్ రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు ఎత్తాడు.

"ముక్తి మిల్ గయీ! భయ్యా వెళ్లిపోయాడు, భాభీ. ఇక అగరుబత్తి ఖర్చు కూడా లేదు. చాలూ కరో!"

కూలీల ముఖాలు వికసించాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. లారీ ఒకటి హారన్ మోగించింది.

నీలవేణి వేలు పచ్చ బటన్ మీదికి వెళ్లింది.

ఆగింది.

ఈ నిశ్శబ్దం ఆమెకు తెలుసు. టీ రుచి ఇంకా నాలుక మీద ఉండగా విన్న నిశ్శబ్దం ఇది. అచ్చం ఇదే. రోజూ ఖాళీ జబ్డా పలికింది. ఖాళీగా లేని రోజున పలకలేదు.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. ప్యానెల్ తాళం లాగి పిడికిట్లో బిగించి మెట్ల మీదికి పరిగెత్తింది.

"భాభీ! ఏమైంది?"

పై వేదిక మీద గోనె సంచి ఒకటి పడి ఉంది. దాని పక్కన బజారు సుత్తి, గొలుసు నుంచి విప్పేసి ఉంది. ఉత్త గొలుసు జబ్డా నోట్లోకి వేలాడుతోంది. ఆమె వంగి చూసింది.

దవడల మధ్య, ఛాతీ దాకా దిగబడి, గిరిబాబు ఉన్నాడు.

తల పైకెత్తి ఉంది. నోరు తెరుచుకుని ఉంది గానీ గొంతు రావడం లేదు. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి చోటు లేదు. ఒక చెయ్యి మాత్రం బయట ఉంది. ఆ అరచేత్తో అతను పలకను కొడుతున్నాడు. కొడుతూనే ఉన్నాడు. అరచెయ్యి చిట్లి నెత్తురు కారుతోంది.

మాంగనీసు పలక మీద అరచెయ్యి ఎంత కొట్టినా చప్పుడు రాదు.

నీలవేణి వేదిక మీద కూలబడింది. ఆమెకు కనబడుతున్నది గిరిబాబు చెయ్యి కాదు. వెండి ఉంగరం ఉన్న చెయ్యి.

ఆయన కొట్టాడు. కొట్టడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

చేతులు వాటంతట అవే గోనె సంచి విప్పాయి. లోపల పొడవాటి పిడి ఉన్న పాత సుత్తి. తల మీద పంచి చుక్క.

రాంప్రసాద్ రొప్పుతూ పైకి వచ్చాడు. లోపలికి చూసి "హే భగవాన్" అన్నాడు. వెనక ఇంకో ఇద్దరు ఎక్కారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు. సుత్తిని గిరిబాబుకు కనబడేలా పట్టుకుంది.

"ఇది నీ దగ్గరికి ఎలా వచ్చింది, అన్నయ్యా?"

అతని పెదవులు కదిలాయి. "లాగు... ముందు..."

"లాగుతాం. చెప్పు."

"ఓసారి... గొలుసు తెగి... సుత్తి పడి... బెల్టు చిరిగింది." ప్రతి మాటకూ మధ్య ఊపిరి ఈలలా వినబడుతోంది. "ప్లాంటు ఆగింది. మళ్లీ ఆగకూడదని... ముందు రోజే విప్పేశాను."

"ఆయనకి చెప్పావా?"

గిరిబాబు కళ్లు మూసుకున్నాడు. "పొద్దున చెబుదామనుకున్నాను. మర్చిపోయాను."

"ఆ తర్వాత?"

"పాతది ఇంట్లో ఉండిపోయింది... కొత్తది తగిలించాను. ఫొటోలకి ముందు."

అందరూ విన్నారు. రాంప్రసాద్ ముఖం రాయిలా బిగిసింది. త్రినాథరావు చేతి వంట తిన్నవాడు అతను. నీలవేణి చెవి దగ్గరికి వంగి, జనరేటర్ హోరులో ఆమెకు ఒక్కదానికే వినబడేలా అన్నాడు.

"తాళం ఇవ్వు భాభీ. నువ్వు కిందికి వెళ్లి టీ తాగు. గంట కొట్టాం, జవాబు రాలేదు. అంతే కదా? అదే మాట పోయినసారీ చెల్లింది."

గిరిబాబు ఆ మాట వినలేదు. కానీ రాంప్రసాద్ చాచిన చెయ్యి చూశాడు. చప్పుడు రాని అరచెయ్యి మళ్లీ పలకను కొట్టడం మొదలుపెట్టింది.

తాళం నీలవేణి పిడికిట్లో ఉంది. అంచులు చర్మంలోకి దిగుతున్నాయి. ఇన్నాళ్లూ కాలనీ ఆమెను ఏమని పిలిచిందో, నిజంగా అది కావడానికి ఒక్క మెట్ల వరుస దూరం.

ఆమె లేచి నిలబడి, తండ్రి సుత్తితో దవడ మీద ఒక్కటి కొట్టింది.

ఠణ్.

కింద ఉన్న ప్రతి మనిషీ తల ఎత్తాడు.

"ఇది వినబడ్డాక బండి కదలకూడదు," అంది రాంప్రసాద్‌తో. "గొలుసు కప్పీ పట్రా. జనరేటర్ ఆపించు. పోలీసులకి ఫోన్ చెయ్యి."

రాంప్రసాద్ చెయ్యి దించాడు. మెట్లు దిగుతూ పెద్దగా ముక్కు చీదుకున్నాడు.

*

గిరిబాబును బయటికి తీసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పక్కటెముకలు విరిగాయి, ప్రాణం మిగిలింది. స్ట్రెచర్ మీదే పోలీసులకు అంతా చెప్పాడు. ఒక మాట మాత్రం మళ్లీ మళ్లీ చెప్పాడని, ఆసుపత్రికి వెంట వెళ్లిన రాంప్రసాద్ వచ్చి చెప్పాడు. తాను జారిపడలేదట. సుత్తి మార్చడానికి నిచ్చెన మీద ఒక మెట్టు దిగినప్పుడు, కింద నుంచి ఎవరో కాలు పట్టుకున్నారట.

"మత్తుమందు మాట," అని నీలవేణి కొట్టిపారేసింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

దయాల్‌బంద్ కుళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. ఒకావిడ తన బిందె పక్కకు జరిపి, "నువ్వు ముందు పట్టుకోవే నీలా" అంది. నీలవేణి పట్టుకుంది.

కొన్ని వారాల తర్వాత కొత్త మేనేజర్‌తో ప్లాంటు తెరిచారు. ఆ ఉదయం ఆదినారాయణ కూడా వచ్చాడు. తన సుత్తిని కొత్త గొలుసుకు తగిలించి, వదులైందని గిరిబాబు చెప్పిన చీల కోసం పలకలన్నీ ఒక్కొక్కటిగా తట్టి చూశాడు. చాలాసేపు తట్టాడు. చివరికి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏ చీలా వదులు లేదే, అమ్మా. అన్నీ రాయిలా బిగిసున్నాయి. పట్టా ముక్క మోగితే ఇది మోగడానికి ఈల్లేదు."

"మరి ఇన్నాళ్లూ పలికిందేటి?"

ముసలాయన తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

నీలవేణి కిందికి వెళ్లి మూడుసార్లు కొట్టింది. అందరూ విన్నారు. జబ్డా పలకలేదు. రాంప్రసాద్ అగరుబత్తి పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. ఆమె తాళం చేతిలో పట్టుకుని పైకి ఎక్కి వంగి చూసింది. ఖాళీ. ఆమెకు అదీ చాలలేదు. వేదిక అంచు పట్టుకుని, నిచ్చెన మీద కాళ్లు పెట్టి, మొదటిసారి జబ్డాలోకి దిగింది.

లోపల చల్లగా ఉంది. చుట్టూ ఇనుము. పైన గుప్పెడంత ఆకాశం. ఆయన చివరిగా చూసిన ఆకాశం.

ఆమె సుత్తి అందుకుని పలక మీద ఒక్కటి కొట్టింది. నేనున్నాను.

ఠణ్.

ఆ చప్పుడు చట్రం పొడవునా పాకి ఆగిపోయింది. అప్పుడు క్యాబిన్ మెట్ల దగ్గర, ఎవరూ లేని చోట, పట్టా ముక్క మూడుసార్లు మోగింది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

కింద రాంప్రసాద్ చేతిలోంచి అగరుబత్తి జారిపడిన సంగతి ఆమెకు తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు అడుగు వెనక్కి వేసిన సంగతీ తెలియదు. బయట ఉన్నవాడు లోపలి మనిషిని అడిగే ప్రశ్న అది. ఉన్నావా?

నీలవేణి కళ్లు తుడుచుకుని, సుత్తి ఎత్తి, జవాబుగా ఒక్కటి కొట్టింది.